పనిలేని ఊరు

కోటి విద్యలు కూటి కొరకే అన్నది పెద్దల మాట. అయితే ఆ విద్య, ఆ వృత్తి చేజారినప్పుడుగాని అవి కూటితోపాటు మరేమేమి సమకూరుస్తూ వచ్చాయో తెలియదు. ఈ సత్యానికి ఆస్ట్రియాలోని మారియెన్‌తాల్ అనే చిన్న గ్రామం సాక్ష్యంగా నిలిచింది.

వియన్నా నగరానికి సమీపంలోని ఆ గ్రామానికి బట్టల మిల్లే జీవనాధారం. ప్రపంచ ఆర్థికమాంద్యం ముసురుకొంటున్న వేళ, 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. ఊరిలోని 478 కుటుంబాలలో అత్యధికం ప్రభుత్వభృతి మీద ఆధారపడవలసివచ్చింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు వారి జీవితాన్ని నిశితంగా పరిశీలించి 1933లో గ్రంథంగా వెలువరించారు.

తీరిక పెరిగితే పఠనం పెరగాలి కదా! కాని అక్కడి గ్రంథాలయం నుండి ప్రజలు తీసుకొనిపోయే పుస్తకాల సంఖ్య 1929, 1931 సంవత్సరాల మధ్య దాదాపు సగానికి తగ్గింది. వీధులలో పురుషుల నడక మందగించింది. గడియారం దగ్గరుంచుకొనే అలవాటు పలువురికి తప్పిపోయింది. పూటకూ పూటకూ భేదం లేనివారికి గడియారంతో పనేమి? స్త్రీలకు మాత్రం ఇంటిచాకిరి తప్పలేదు. ఆ చాకిరియే వారి దినచర్యను చెదరనీయలేదు. సంఘాలు, రాజకీయ కార్యక్రమాలు పలచబడ్డాయి. ఆకలి తిరుగుబాటుకు దారితీస్తుందని తలచినచోట నిర్లిప్తత ఆవరించింది.

పొరుగున ఉన్న జర్మనీలో కథ మరో మలుపు తిరిగింది. నిరుద్యోగ బీమా భారాన్ని ఎవరు భరించాలన్న వివాదంతో 1930 మార్చిలో సంకీర్ణ ప్రభుత్వం కూలిపోయింది. 1932 ఆరంభంలో నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. 1928 ఎన్నికలలో 2.6 శాతం ఓట్లు పొందిన నాజీపార్టీ 1932 జులైలో 37.3 శాతం సాధించింది. పని కోల్పోయిన కార్మికులలో అనేకులు కమ్యూనిస్టులవైపు మొగ్గారు. ఉన్న అంతస్తు జారిపోతుందని భీతిల్లిన చిరువర్తకులు, రైతులు పెద్దసంఖ్యలో నాజీలను ఆశ్రయించారు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. నిరుద్యోగం పని పోయినవానినే కాక, పని పోతుందేమోనని వణికేవానిని కూడా మార్చివేస్తుంది.

అదే 1933లో అమెరికాలో సుమారు నలుగురు శ్రామికులలో ఒకరికి పని లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం లక్షలాది యువకులను అడవుల పెంపకానికి, నేల పరిరక్షణకు నియోగించింది. 1935లో సామాజిక భద్రతా చట్టం తెచ్చింది. నిరుద్యోగం వెంటనే తొలగిపోలేదు. కాని ప్రజాస్వామ్యం నిలిచింది.

భృతి దేహాన్ని నిలుపుతుంది. నిరుద్యోగి కాలానికి ప్రయోజనాన్ని, సంఘంలో అతనికొక స్థానాన్ని కల్పించగలిగినప్పుడే రాజ్యం అతనిని పౌరునిగా నిలుపుకొంటుంది.