చెంచా మీద ఊరి పేరు

నెల్లూరు మైపాడు రోడ్డులో రొయ్యల మేత వ్యాపారం చేసే మిత్రుడొకాయన ప్రతి దీపావళికీ తన ఖాతా రైతులకు స్వీటు డబ్బాలు పంపుతుంటాడు. ఈసారి ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. "స్వీట్లు ఆ పూటకే అయిపోతున్నాయన్నా. మన జిల్లా వస్తువేదైనా ఇద్దాం, డబ్బా మీద మన షాపు పేరు వేయిద్దాం" అన్నాడు. జిల్లా వస్తువంటే ఉదయగిరి చెక్క చెంచాలే కదా, పోయి చూసొద్దాం పదమన్నాను.

బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటిందాకా వరి మళ్లు. ఆత్మకూరు దాటాక నేల రంగే మారిపోతుంది. సముద్రపు ఒడ్డున రొయ్యల గుంటలున్న నెల్లూరూ, ఈ మెట్ట నెల్లూరూ ఒకే జిల్లా అని చెబితేగానీ తెలియదు. మూడు వేల అడుగుల ఎత్తున ఉదయగిరి దుర్గం, దాని కింద ఊరు.

ఊళ్లో దిలావర్ భాయ్ వీధిలో ఈ చెంచాల పని చేసేవాళ్లు ఎక్కువగా ముస్లిం కుటుంబాల వాళ్లు, అందులోనూ ఆడవాళ్లు. కొండ అడవి నుంచి వచ్చే నర్ది, బిక్కి లాంటి చెక్కలు వాడతారు. మేం వెళ్లిన ఇంట్లో ఒకామె గడప పక్కన కూర్చుని పిడికి ఆకురాయి పెడుతోంది. ముందు చెక్కను కావలసిన పొడవుకి కోస్తారు, చెంచా ఆకారానికి చెక్కుతారు, గుంట తొలుస్తారు. పిడి మీద తీగలూ పూలూ మాత్రం తీరిగ్గా చెక్కుతారు. ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్దడం, నూనె పట్టించడం. చెంచాలూ ఫోర్కులే కాదు, గరిటెలు, దువ్వెనలు, చిన్న గిన్నెలు కూడా ఉన్నాయి. ఒకే జతలో రెండు చెంచాలు పక్కపక్కన పెట్టి చూస్తే పూరేకులు ఒకేలా ఉండవు. నాకైతే అదే నచ్చింది. మిత్రుడు మాత్రం నొసలు చిట్లించి, "అన్నీ ఒక సైజులో రావా?" అన్నాడు.

"మిషన్ చెంచా కావాలంటే బజార్లో దొరుకుద్ది కదన్నా" అని నవ్విందామె. ఆమె కష్టం సైజులతో కాదు, తేదీలతో. "దీపావళి వారం ఉందనంగా ఫోన్ చేస్తారు. పచ్చి చెక్కతో చేసిస్తే పగిలిపోదా? చెక్క ఆరొద్దా?"

పండగ ఆర్డర్లలో కీలకమంతా ఆ మాటలోనే ఉంది. కొనేవాడికి పండగ ఒక రోజు, చేసేవాడికి అది రెండు మూడు నెలల పని. చెక్క కొనడానికి ముందు డబ్బు కావాలి, ఆరడానికి ఎండ కావాలి. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా అక్టోబరులో, దీపావళి ముంగిట్లోనే దిగుతాయి. అందుకే వినాయక చవితికల్లా ఆర్డరు చేతిలో పడాలి.

ఇంకో సంగతి పేరు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, ఉంది. 1999 నాటి జీఐ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ పేరును ఎవరికీ అమ్మడానికి, రాసివ్వడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. ఎంత పెద్ద కంపెనీ వచ్చినా సరుకు కొనుక్కోగలదు గానీ పేరును కొనుక్కోలేదు. అయితే కొనలేని పేరును చెరిపేయడం మాత్రం తేలిక. అట్ట పెట్టె మీద తమ బ్రాండు ఒక్కటే పెద్దక్షరాల్లో అచ్చేసి, ఊరి పేరు వదిలేస్తే చాలు.

ఉదయగిరికి ఇట్లా పేరు చెరిగిపోవడం కొత్తేం కాదు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ గుడిని అందరూ హంపీ కృష్ణాలయం అంటారు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దుర్గం కింద చెంచా చెక్కే ఇంటి పేరు కూడా అట్లాగే దారిలో జారిపోకూడదని నా పట్టుదల.

అందుకని అక్కడే అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. మిత్రుడు మొదట "అమ్ముడైనంతకే డబ్బులిస్తాం, మిగిలినవి వెనక్కి" అనే పద్ధతి ఎత్తబోయాడు, షాపులకు అలవాటైన మాట అది. పంచిపెట్టే వస్తువుకు మిగులేంది అన్నాను, ఒప్పుకున్నాడు. చివరికి సగం సొమ్ము ముందే ఇచ్చేట్టు, మిగతాది సరుకు చేతికందిన రోజే ఇచ్చేట్టు కుదిరింది. పెట్టెలో ఒక చీటీ పెట్టాలి: పైన షాపు శుభాకాంక్షలు, కింద అంతే సైజు అక్షరాల్లో 'ఉదయగిరి, నెల్లూరు జిల్లా'. వెనక వాడే తీరు రాయాలి: నీళ్లలో నానబెట్టొద్దు, కడిగి తుడిచి ఆరబెట్టండి, అప్పుడప్పుడు కాస్త వంటనూనె రాయండి. ఇంతకుమించి ఒప్పందం అక్కర్లేదు. "వేరే ఎవరికీ చేయకూడదు" అనే షరతు ఎవరు పెట్టినా ఒప్పుకోవద్దని ఆమెకు చెప్పాను. ఏడాదికోసారి కొనేవాడు ఏడాదంతా చేతులు కట్టేస్తానంటే ఎట్టా?

డబ్బు ఆలస్యమయ్యేవాళ్లకు చట్టం దన్ను కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. నమోదు ఉచితం. వీధిలో చాలామందికి జీఐ అంటే తెలుసు, ఈ 45 రోజుల సంగతి తెలియదు. నా దృష్టిలో వాళ్లకు ముందు పనికొచ్చేది ఇదే.

పెద్ద కంపెనీలతో కుదరదని కాదు. 2006లో మొదలైన రంగసూత్ర సంస్థలో చేతిపనివాళ్లే వాటాదార్లు, వాళ్లు ఐకియాకే సరుకు చేసి పంపారు. మన అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచి, లోయ పేరునే బ్రాండుగా నిలబెట్టింది. కానీ వాటి వెనక ఏళ్ల తరబడి నిలబడ్డ సంస్థలున్నాయి. ఒక వీధిలో కొన్ని ఇళ్లకు అంత బలం రావాలంటే సమయం పడుతుంది. ఈలోగా కావలసింది మేత షాపులు, కాలేజీలు, ఆసుపత్రులు, హోటళ్ల లాంటి చిన్న కొనుగోలుదార్లు.

మీరు కూడా ఈ దీపావళికి ఎవరికైనా కానుకలు ఇవ్వాలనుకుంటే, లేపాక్షి షోరూములో ఒకట్రెండు చెంచాలు కొని వాడి చూడండి. నచ్చితే వినాయక చవితి లోపే, సగం సొమ్ముతో, నేరుగా ఉదయగిరికి ఆర్డరివ్వండి. పెట్టె మీద ఊరి పేరు మాత్రం తీసేయకండి.