అమ్మకు మా అత్తింటి పేరు!

సింగపూర్‌లో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మ బయల్దేరాలి. రాత్రి భోజనాలయ్యాక నేనే కంప్యూటర్ ముందు కూర్చుని టికెట్ బుక్ చేశాను. అమ్మ పేరు రాశాను గానీ, ఇంటిపేరు గడి నింపడం మరిచిపోయాను. అయినా వెబ్‌సైట్ పల్లెత్తు మాట అనలేదు. డబ్బు కట్టించుకుని టికెట్ ఇచ్చేసింది.

ప్రయాణం నాలుగు రోజులుందనగా టికెట్ తీసి చూస్తే గుండె గుభేలుమంది. అమ్మ పేరు పక్కన మా అత్తవారి ఇంటిపేరు! పాస్‌పోర్టులోనేమో నాన్నగారి ఇంటిపేరు. రెండూ కలవకపోతే విమానం ఎక్కనిస్తారా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, నువ్వు ఖాళీ వదిలావు. నీ అకౌంట్లో ఉన్న ఇంటిపేరే తెచ్చి ప్రోగ్రాం అక్కడ పెట్టేసి ఉంటుంది" అన్నాడు.

మనమిచ్చే వివరాలన్నీ లోపల ఒక మూసలోకి వెళతాయట. దాన్నే మోడల్ అంటారు. పేరు, ఫోను, ఊరు దాని గడులు. భద్రపరిచే ముందు ప్రోగ్రాం వాటిని సరిచూస్తుంది. అంతకన్నా ముందే కొన్ని గడులను తానే సర్దొచ్చు, నింపొచ్చు. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్‌లో ఈ ఏర్పాటు పేరు 'బిఫోర్ వ్యాలిడేషన్'.

నిజానికి అది మంచి పనే. ఎసట్లో పోసేముందు బియ్యంలో రాళ్లు ఏరినట్టు! ఫోన్ నంబరు మధ్యలో ఖాళీలు తీసేస్తుంది. ఈ-మెయిల్‌లో పెద్దక్షరాలను చిన్నవి చేస్తుంది. లేదంటే ఆ కాస్త దానికే ఎర్రక్షరాలు వచ్చి, ఫారం మళ్లీ మొదటికొస్తుంది.

"మరి ఇంటిపేరు తప్పని ఎందుకు పట్టుకోలేదురా?" అన్నాను.

"గడి ఖాళీగా ఉందా లేదా అన్నదే అక్కడి పరీక్ష. ముందే ఏదో ఒకటి నింపేశాక పాసే కదా! అది నిజమో కాదో దానికెలా తెలుస్తుంది? రాళ్లు ఏరొచ్చక్కా, బియ్యమే మార్చేయకూడదు. ఇలాంటి గడి ఖాళీగా ఉంటే మనిషినే అడగాలి. నింపితే, నింపింది చూపించి సరేననిపించుకోవాలి."

డబ్బు కట్టేముందు ఒక్కసారి చదువుకోకపోవడం నా తప్పే. కస్టమర్ కేర్ వాళ్లతో ఒక సాయంత్రమంతా మాట్లాడి పేరు సరిచేయించాను. ఒకప్పుడు ఎర్రక్షరాలు కనిపిస్తే విసుక్కునేదాన్ని. ఇప్పుడు 'పోన్లే, అడిగింది' అనుకుంటున్నాను.

సంగతంతా విన్న అమ్మ బుగ్గన వేలేసుకుంది.

"చోద్యం కాకపోతే... నన్నడిగితే నేనే చెప్పేదాన్ని కదే!"