గొలుసు లేని స్టాండు

తరగతిలో శ్రమసౌందర్యాన్ని గురించి గంటసేపు మాట్లాడగలను. కథల్లో శ్రామిక పాత్రలు సజీవంగా లేవని విమర్శలూ రాశాను. ఒక పలకను తిన్నగా కోయడానికి మాత్రం ముప్ఫయ్యయిదో ఏడు రావలసివచ్చింది.

పుస్తకాల బీరువా చేసుకుందామని వసారాలో రంపం పట్టాను. కోసేటప్పుడు పలకను ఆనించడానికి ముందు రెండు మడత స్టాండ్లు కావాలి. ఒక్కొక్కదానికి రెండేసి కాళ్ళ చట్రాలు రెండు. పైన బందులతో కలిపితే, తెరిచినప్పుడు నిచ్చెనలా నిలబడుతుంది, మూస్తే గోడకు ఒదుగుతుంది. ఎత్తు 24 అంగుళాలు పెట్టాను. రెండు చట్రాల మధ్య గొలుసు కట్టాలని తెలుసు. అలంకారమే గదా అని మానేశాను.

రంపం మీద బరువు మోపగానే కాళ్ళు నున్నటి గచ్చు మీద ఎడంగా జారాయి. బందుల మరమేకులు ఊడివచ్చాయి. పలక నా పాదానికి బెత్తెడు దూరంలో పడింది.

పక్కింట్లో తలుపులు బిగిస్తున్న వడ్రంగి మేస్త్రీ చప్పుడు విని వచ్చాడు.

"బరువు కిందికే పోతుందనుకున్నారా మాస్టారూ? కాళ్ళను పక్కలకి తంతుంది."

ఇరువైపులా గొలుసులు కట్టాడు, పొడుగు మరమేకులు వేశాడు. మూసేటప్పుడు బందు దగ్గర వేళ్ళు పెట్టవద్దన్నాడు. తెగే ముక్క స్టాండ్ల నడుమ కాక బయటికి ఉండేలా పలకను జరిపాడు; నడుమ కోస్తే పలక కుంగి రంపాన్ని పట్టేస్తుందట.

ఆయన మాత్రం నేల మీద కూర్చుని, చెక్కను కాలితో అదిమి కోస్తాడు. నడుము నొప్పి ఉంది. ఇలాంటివి ఎందుకు చేసుకోలేదని అడిగాను.

"చేసుకునే రోజు కూలి ఎవరిస్తారండీ?"

మా వసారాలో ఆయన గడిపిన గంటకు కూలి ఎంతని నేనూ అడగలేదు. అది రాత్రి భోజనాల దగ్గరగాని గుర్తుకు రాలేదు.