మిత్రునికి అభినందనలేఖ

పరామర్శకు పోయినచోట మాటలు దొరకకపోయినా ఎవరూ తప్పు పట్టరు. ప్రక్కన కాసేపు కూర్చుంటే చాలును. అభినందించుట అట్లా కాదు. దానికి మాట కావలె, అది సరియైన మాట కావలె. బొంబాయి బట్టలమిల్లులో నాతో కలిసి నేతపని చేసిన నా మిత్రునికి, జీవితకాలపు కథారచనకుగాను ఒక సాహిత్యసంస్థ గత మాసంలో సత్కారం ప్రకటించినది. పత్రికలో ఆ వార్త చూచిన సాయంత్రమే కాగితం ముందు పెట్టుకొన్నాను. నాలుగు రోజులు సంబోధన దగ్గరే ఆగిపోయినాను.

ఫోనులో రెండు మాటలు చెప్పవచ్చును గదా అని మా కోడలు అన్నది. పాపం, ఆ పిల్లకేమి తెలుసును! మా ఇద్దరి చెవులూ మరమగ్గాలకే ధారపోసినాము. వందలకొద్దీ మగ్గాలు ఒక్క కప్పు క్రింద ఆడుతున్నచోట ఎంత అరచినా ప్రక్కవానికి వినపడదు. పెదవుల కదలికనుబట్టి, చేతిసైగలనుబట్టి మాట్లాడుకొనేవాళ్లం. పడుగు తెగినదనుటకు ఒక సైగ, జాబరు వస్తున్నాడనుటకు ఒక సైగ, తేనీటికి పోదామనుటకు మరొకటి. మా వరుసలో తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు ఉండేవారు. మరమగ్గాన్ని వారు 'సాంచా' అంటే, మరాఠీవాళ్లం మేము 'సాచా' అనేవాళ్లం. భాషలు వేరైనా సైగలు మాత్రం అందరికీ ఒక్కటే. ఇప్పుడు అతడొక ఊళ్లో, నేనొక ఊళ్లో, పెదవులు కనిపించవు. కనుక ఉత్తరమే దిక్కు.

ఇక సంబోధన. ఏబది ఏండ్లుగా నేనతనిని 'ఒరే' అనే పిలుస్తున్నాను. ఇప్పుడు ఎనుబదికి చేరువైనాడు, శాలువా కప్పబోతున్నారు. 'శ్రీయుతులైన' అని మొదలుపెడితే, ఎవరి ఉత్తరమో పొరబాటున తన ఇంటికి వచ్చినదని కవరు త్రిప్పి చూచుకొంటాడు. చివరకు 'ఒరే' అనే వ్రాసినాను.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చినది. పత్రికలవారు వ్రాసినదంతా అతని ఆకలిని గూర్చియే. తెల్లవారుజామున మిల్లుగేటు ముందు బదిలీపని కొరకు నిలుచున్నాడనీ, పన్నెండుమంది షిఫ్టులవారీగా పడుకొనే ఒక్క గదిలో కథలు వ్రాసినాడనీ, 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో పని పోగొట్టుకొని రాత్రికాపలావాడైనాడనీ. అన్నీ నిజమే. ఆ సమ్మెలో రెండున్నర లక్షలమంది ఉన్నారు. అది ముగిసినదని ఇంతవరకు ఎవరూ ప్రకటించనే లేదు. ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట నేడు అద్దాల అంగళ్లు వెలసినవి. కాని ఇంతమాత్రమే చెప్పి ఊరుకొంటే ఆకలికి శాలువా కప్పినట్లవుతుంది. మా మిల్లులపేటలో, గిరణ్‌గావ్‌లో, ఆకలి ప్రతి గదిలోనూ ఉన్నది. ప్రతి గదిలోనూ కథ పుట్టలేదు.

మా ముందుతరంవారికీ ఇదే జరిగినది. అన్నాభావు సాఠే పేరెత్తగానే ఆయన బడికి పోయినది ఒకటిన్నర రోజేనని ముందు చెప్పుతారు. 1959లో వచ్చిన 'ఫకీరా' నవల కట్టుబడిని గూర్చి తీరిక ఉంటే తరువాత చెప్పుతారు. ఆయన 1969లో పేదరికంలోనే పోయినాడు. ఆయన బొమ్మతో తపాలాబిళ్ల 2002లో వెలువడినది. అప్పుడు అభినందనలు ఎవరికి వ్రాయవలె? నారాయణ్ సుర్వే కొంత నయం. 1998లో వచ్చిన పద్మశ్రీని కళ్లారా చూచుకొన్నాడు. అయినా ఆయనను వీథిలో దొరికిన బిడ్డగా ఎరిగినవారే ఎక్కువ. 1966 నాటి 'మాఝే విద్యాపీఠ్'లో వాడుకమాటను ఆయన కవిత్వంలో ఎట్లా నిలబెట్టినాడో పట్టి చూచినవారు తక్కువ.

అందుచేత నా ఉత్తరంలో కష్టాల ఊసు ఎత్తలేదు. నేతగానికి నేతగాడు చెప్పవలసినదే వ్రాసినాను. మిల్లులో బట్ట దిగినతరువాత పరచి పరీక్షించేవారు. పోగు తప్పితే జరిమానా. నేను అతని కథ నొకదానిని అట్లాగే మళ్లీ పరచి చూచినాను. బదిలీపనివాని భార్య అన్నం గిన్నె ముందు పెట్టుకొని కూర్చున్న కథ అది. అందులో ఆకలి అన్న మాట ఒక్కసారైనా లేదు. ఆమె గిన్నెమీది మూతను మూడుసార్లు సవరిస్తుంది, అంతే. మొదటి ప్రతిలో ఏడుపు ఉండేది. మేము నెలభోజనం చేసే పూటకూళ్ల ఇంట్లో పదిమందికి చదివి వినిపించినప్పుడు, ఆ ఏడుపు దగ్గర ఒకడు తల ప్రక్కకు త్రిప్పుకొని మంచినీళ్లు అడిగినాడు. మర్నాటికి ఏడుపు కథలో లేదు. ఎవరూ తీసివేయమనలేదు, తానే గమనించినాడు. నలుబది ఏండ్ల క్రిందటి ఆ కొట్టివేతను నేను అభినందించినాను.

అసూయ లేదా అని అడిగేవారు ఉంటారు. నేనూ కథలు వ్రాసినాను. రెండు సంపుటాలు, అమ్ముడుపోని ప్రతులు మంచం క్రింద ఉన్నవి. ఒకే నూలు ఇచ్చినా రెండు మగ్గాలమీద దిగిన బట్ట ఒక్కటిగా ఉండదని మాకు తెలుసును. సత్కారం సంగతి సరే, మూడవసారి మూత సవరించిన ఆ వాక్యం మాత్రం నాది కాకపోయెనే అని ఇప్పటికీ ఉన్నది. అదికూడా దాచకుండా వ్రాసి పంపినాను.

వారంలోపల కార్డు వచ్చినది. అక్షరాలు వణికినవి. ఆ వాక్యాన్ని గూర్చి ఒక్క ముక్క లేదు, నా మెచ్చుకోలును గూర్చీ లేదు. 'ఒరే, సభనాడు ముందువరుసలో కూర్చో. నేను పెదవులు నెమ్మదిగా కదుపుతాను' అని మాత్రం ఉన్నది.