పడమటి కిటికీకి ఏ అద్దం పెట్టాలి?

కర్నూలు పాతబస్తీలో ఇప్పుడు ఏ సందులోకి వెళ్లినా, పీకేసిన టేకు కిటికీలు గోడకు ఆనించి కనిపిస్తున్నాయి. వాటి చోట తెల్లటి యూపీవీసీ వస్తోంది. చెద పట్టదు, వానకు ఉబ్బదు, రెండేళ్లకోసారి పెయింట్ గోల లేదు. ఈ వేసవికి ముందు మా ఇంట్లోనూ ఇదే చర్చ. ఏడు కిటికీలు, లక్షా ముప్పై వేల కొటేషన్, ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట.

నాన్న పట్టుదలకు కారణం ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మా కింది గదులు మునిగాయి. బురద కడిగాక కిటికీలు పైకి బాగానే ఉన్నాయి. కానీ నీళ్లు తాగిన చెక్క ఊరుకోదు. ఒక్కో ఏడాది ఒక్కో రెక్క వంగింది. ఫ్రేముల కింది భాగం వేలితో నొక్కితే పొడి రాలుతోంది. "మళ్లీ నీళ్లొస్తే ఈ చెక్కలో ఏం మిగులుతాదిరా?" అంటాడు నాన్న. ఆ మాటకు ఎదురు చెప్పలేం.

అవ్వది వేరే లెక్క. ఆమె మంచం కింద పడమటి గదిలో ఉంటుంది. పగలంతా ఆ కిటికీ దగ్గరే. వీధిలో ఎవరు పోతున్నారో, ఏ కూరగాయల బండి వచ్చిందో ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. షాపువాళ్లు పంపిన స్లైడింగ్ కిటికీ వీడియో చూపిస్తే ఒకే ప్రశ్న వేసింది. "ఇది సగమే తెరుచుకుంటాదా? తక్కిన సగం ఎందుకురా, చూసుకోనీకా?"

సేల్స్ అబ్బాయి మాత్రం జంట అద్దాల గురించే చెప్పాడు. డబుల్ గ్లేజింగ్ వేస్తే ఎండ లోపలికి రాదంటాడు. నాకు రోజూ అంకెలతోనే పని కాబట్టి స్పెసిఫికేషన్ షీట్ తెప్పించుకుని కూర్చున్నా.

కిటికీ గుండా వేడి ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, బయటా లోపలా ఉన్న ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చేది. దాన్ని కొలిచేది యూ వాల్యూ. ఒంటి అద్దానికి ఇది సుమారు 5.7, మధ్యలో గాలి ఉన్న జంట అద్దానికి సుమారు 2.8. అంటే సగానికి సగం తగ్గుతుంది. బయట మంచు, లోపల హీటర్ ఉండే దేశాల్లో ఇది పెద్ద లాభమే. రెండోది, అద్దం మీద నేరుగా పడే ఎండ. అందులో ఎంత భాగం వేడిగా గదిలోకి చేరుతుందో చెప్పేది ఎస్‌హెచ్‌జీసీ. మామూలు తెల్ల అద్దానికి ఇది 0.8 ప్రాంతంలో, జంట తెల్ల అద్దానికి 0.7 ప్రాంతంలో ఉంటుంది. అంత డబ్బు పోసినా, పడే ఎండలో పదింట ఏడు వంతులు గదిలోకే వస్తుందన్న మాట. కోటింగ్ ఉన్న అద్దాలతో దీన్ని బాగా తగ్గించొచ్చు, కానీ వాటి ధర ఇంకా పైన.

మన ఎండ వచ్చే దిక్కు కూడా చూడాలి. మే మొదటి వారంలో మధ్యాహ్నం కర్నూలులో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు రెండడుగుల కడప రాయి సన్‌షేడ్ చాలు, కిటికీ నీడలో ఉంటుంది. నాలుగయ్యాక కథ మారుతుంది. వాలిన సూర్యుడు సన్‌షేడ్ కింది నుంచి తిన్నగా మంచం మీదికి వస్తాడు. ఒకసారి అద్దం దాటి లోపలికొచ్చిన వేడిని కర్టెన్ పూర్తిగా ఆపలేదు. ఎండను అద్దం బయటే ఆపాలి. సన్‌షేడ్ అంచు నుంచి వెదురు తడిక వేలాడదీస్తే ఆ పని జరుగుతుంది.

ఇక గాలి. పగలు కాగిన గోడ రాత్రంతా వేడి వదులుతుంది. పొద్దుగూకాక బయటి గాలి లోపలికి ఆడితేనే గది చల్లబడుతుంది. కరెంటు పోయిన రాత్రి ఎనభై దాటిన మనిషికి ఇది సౌకర్యం సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ప్రభుత్వ పుస్తకంలోనే దొరికింది. ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, రెండు పలకల స్లైడింగ్ కిటికీలో తెరుచుకునేది 50 శాతం. తలుపులా రెక్కలు తెరుచుకునే కేస్‌మెంట్‌కి 90 శాతం. పొడి వేడి ప్రాంతాల్లో ఇంటి వైశాల్యంలో కనీసం 10 శాతం తెరుచుకునే జాగా ఉండాలంటుంది. అది మొత్తం ఇంటికి వేసే లెక్క. అవ్వ గదికి పట్టి చూశా. గది 120 చదరపు అడుగులు, కాబట్టి 12 కావాలి. నాలుగడుగుల చదరపు కిటికీ స్లైడింగ్ అయితే దక్కేది 8. రెక్కలదైతే 14కి పైనే.

ఇదంతా కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టా. మాట తెగింది. కింద వరద చూసిన నాలుగు కిటికీలకు యూపీవీసీ, కానీ రెక్కలవి, ఒంటి అద్దంతో. పైన మూడు టేకు కిటికీలు గట్టిగానే ఉన్నాయి, వాటిని పీకడం దండగ. ఆచారి వచ్చి బందులు మార్చి, రెక్కలు చిత్రిక పట్టి సరిచేశాడు. పడమటి గదికి బయట వెదురు తడిక. అంతా కలిపి అరవై ఐదు వేలు.

తడిక చూసి పక్కింటాయన "సాఫ్ట్‌వేర్ జీతం పెట్టుకుని ఇదేందప్పా, పాకకు కట్టినట్టు!" అన్నాడు. అవ్వ మాత్రం సాయంత్రాలు దాన్ని సగం చుట్టించి, కింది సందులోంచి వీధిని చూస్తోంది.

మీరూ కిటికీలు మార్చే ఆలోచనలో ఉంటే షాపులో నాలుగు సంగతులు అడగండి. యూపీవీసీ గొట్టం లోపల స్టీల్ ఉందా, ఎంత మందం? మన ఎండకు పసుపు రంగు తిరక్కుండా టైటానియం డయాక్సైడ్ కలిపారా? అద్దం ఎస్‌హెచ్‌జీసీ ఎంత? రెక్క బయటికి, ఊచలు లోపలికి వస్తే, గడియ అందేలా దోమల జాలీ కూడా తెరుచుకుంటుందా? వాటికంటే ముందు, ఒక రోజు సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో కాసేపు కూర్చోండి. ఎండ ఎక్కడ పడుతోందో, గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూడండి. ఆ గదిలో ఎక్కువసేపు ఉండే మనిషిని అడగండి. కొటేషన్ ఆ తర్వాత తెప్పించుకోవచ్చు.