నిధుల తీరంలో తడి ఇసుక

ఫ్లోరిడాలోని మెల్‌బోర్న్ నుంచి ఏ1ఏ రోడ్డు మీద దక్షిణంగా వెళ్తుంటే ఎడమ పక్క అట్లాంటిక్, కుడి పక్క ఇండియన్ రివర్ లగూన్. పేరుకు నది, నిజానికి ఉప్పునీటి సరస్సు. ఆ రెంటి మధ్య ఇరుకైన దీవి మీదుగా పోతోంది మా కారు. నడుపుతున్నది మా మేనల్లుడు. డిక్కీలో రెండు మెటల్ డిటెక్టర్లు, పొడవాటి కర్రలకు బిగించిన స్టీలు స్కూపులు, ఒక బకెట్టు. వారమంతా ఈశాన్యపు గాలి దంచికొట్టి, ముందురోజు రాత్రే తెరిపిచ్చింది. వాడు ఎదురుచూసింది ఆ గాలి కోసమే.

"గాలి లేకపోతే వెళ్ళి లాభం లేదు మావయ్యా. పైన ఇసుకంతా సముద్రమే తీసిపెట్టాలి. మిషను చూడగలిగేది ఆఖరి అడుగే" అన్నాడు.

సెబాస్టియన్ ఇన్లెట్ మొదలుకొని ఫోర్ట్ పియర్స్ దాటేదాకా ఉన్న ఒడ్డును ఇక్కడ ట్రెజర్ కోస్ట్ అంటారు. ఆ పేరుకు కారణం 1715. స్పెయిన్ వారసత్వ యుద్ధం సాగినన్నాళ్ళూ అమెరికా ఖండపు వెండి బంగారాలు దేశం చేరడం కష్టమైపోయింది. యుద్ధం ముగిసేసరికి రాజు ఐదవ ఫిలిప్‌కు డబ్బు తక్షణం కావాలి. ఆ ఏడు జూలై 24న హవానా నుంచి పన్నెండు ఓడలు బయలుదేరాయి. పదకొండు స్పెయిన్‌వి, ఒకటి ఫ్రెంచి ఓడ గ్రిఫాన్. తుఫానుల కాలం అప్పటికే మొదలైంది. జూలై 30 రాత్రి గాలి ముదిరింది, తెల్లారేలోపు పదకొండు స్పానిష్ ఓడలూ ఈ ఒడ్డున బద్దలైపోయాయి. గ్రిఫాన్ ఒక్కటే బతికి బయటపడింది. నౌకాదళాధిపతి ఉబియాతో సహా సుమారు వెయ్యి మంది చనిపోయారంటారు.

ప్రాణాలతో ఒడ్డెక్కినవాళ్ళు గుడారాలు వేసుకున్న చోటే ఇప్పుడు మెక్‌లార్టీ ట్రెజర్ మ్యూజియం ఉంది. చిన్న భవనం. లోపల నాణేలు, మేకులు, మట్టి పాత్రల ముక్కలు చూసి వెనక డెక్ మీదికి వెళ్తే ఎదురుగా సముద్రం. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ డెక్కే. ఆ రోజు అలలు చాలా మామూలుగా ఉన్నాయి. ఆ అలల అడుగునే, ఒడ్డు కనుచూపు మేరలో ఉండగానే అంతమంది మునిగిపోయారు. బతికినవాళ్ళు ఇదే ఇసుకలో చచ్చినవాళ్ళను పూడ్చారు, ఇదే ఇసుకలో మంచినీళ్ళు వెతుక్కున్నారు. తర్వాత స్పెయిన్ వాళ్ళు మనుషులను నీళ్ళలోకి దించి వెండి పెట్టెలు చాలావరకు పైకి తీయించారు. తీసినదాంట్లో కొంత హెన్రీ జెన్నింగ్స్ అనే ఇంగ్లీషు నౌకానాయకుడు శిబిరం మీద పడి దోచుకుపోయాడు. ఇక్కడికి నిధి అంటూ వచ్చే ప్రతివాడూ ముందు ఈ డెక్ మీద కాసేపు నిలబడాలని నా అభిప్రాయం.

రెండువందల ఏళ్ళకు పైగా ఈ ఒడ్డును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు కిప్ వాగ్నర్‌కు తుఫాను వెలిసినప్పుడల్లా బీచిలో నల్లటి నాణేలు దొరికేవి. వాటిలో ఒక్కదాని మీద కూడా 1715 తర్వాతి సంవత్సరం లేదని ఆయన గమనించాడు. ఆ ఒక్క ఆధారంతో పాత పుస్తకాలు, పటాలు వెతికించాడు. సైన్యం అమ్మేసిన మందుపాతర్లు వెతికే యంత్రం ఒకటి పదిహేను డాలర్లకు కొని ఇసుక దిబ్బల వెనక తిరిగి, ఓడ మేకులు, ఫిరంగి గుళ్ళు పట్టుకున్నాడు. గుడారాల చోటు అలా బయటపడింది. ఆయన తన మిత్రులతో కలిసి చేసిన పని 1965 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్‌లో రావడంతో ప్రపంచం కళ్ళు ఈ తీరం మీద పడ్డాయి.

వబాసో దాటాక కారు ఆపి, చెక్క మెట్ల మీదుగా బీచిలోకి దిగాం. ఈశాన్య గాలి చేసిన పని అక్కడ కనిపించింది. దిబ్బల కింద ఇసుకను అలలు నిలువుగా కోసేశాయి, నా నడుము ఎత్తున గోడ నిలబడింది. దీన్ని ఇక్కడివాళ్ళు కట్ అంటారు. గోడ దగ్గర నుంచి నీళ్ళదాకా గట్టి తడి ఇసుక, అక్కడక్కడా గవ్వల పెంకుల చారలు. పొడి ఇసుకలో అయితే నిన్న మొన్న తువ్వాళ్ళు పరుచుకున్నవాళ్ళు పారేసుకున్న చిల్లరే దొరుకుతుంది. పాత సరుకు ఉండేది తడి ఇసుకలో. బరువైన వస్తువు అల కదిపినప్పుడల్లా ఇసుకలోకి జారి, కింద గట్టిపొర తగిలేదాకా దిగుతుంది. తేలికైన ఇసుక కొట్టుకుపోయిన రోజున ఆ పొర పైకి దగ్గరవుతుంది.

అయితే తడి ఇసుకలో చిక్కు కూడా ఉంది. దాన్ని మేనల్లుడు అక్కడే, కాయిల్ నేల మీద ఆడిస్తూ చూపించాడు. డిటెక్టర్ కాయిల్ నుంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి పోతుంది. లోహం తగిలితే అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, వాటి క్షేత్రం తిరిగి కాయిల్‌కు వినబడుతుంది. ఉప్పునీరు కూడా విద్యుత్తును మోస్తుంది కదా, అందుకని తడి ఇసుక మొత్తం మిషనుకు బలహీనమైన లోహంలా వినబడుతుంది. మామూలు ఒక ఫ్రీక్వెన్సీ మిషనైతే అల వచ్చి వెళ్ళినప్పుడల్లా కీచుమంటూనే ఉంటుంది. పోనీ ఉప్పు మోతను తీసేయమని మిషనుకు చెబుదామా అంటే, సన్నటి బంగారు గొలుసు మోత కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. ఉప్పును వినకూడదనుకుంటే గొలుసూ వినబడదు. ఈ సంగతి తెలిశాక నాకు ఆ యంత్రం మీద గౌరవం పెరిగింది. ఎంత కష్టమైన పని దాని నెత్తిన పెడుతున్నాం!

దీనికి రెండు దారులు పట్టారు. ఒకటి, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి, ఉప్పు ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఎలా బదులిస్తుందో పోల్చి దాన్ని తీసివేయడం. ఇక్కడ చాలామంది చేతుల్లో ఉన్న ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ మిషన్లు ఆ రకమే. రెండోది పల్స్ ఇండక్షన్. ఇది గట్టిగా ఒక పల్స్ కొట్టి, ఆపి, సెకనులో లక్షో వంతు ఆగి వింటుంది. ఉప్పునీటి బదులు ఆపాటికే ఆరిపోతుంది, లోహం బదులు ఇంకా మోగుతూ ఉంటుంది. లోతుకు ఇదే మేలు. కానీ ఇనుమో బంగారమో ఇది సరిగా చెప్పదు, మోగినచోటల్లా తవ్వాల్సిందే.

నా చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి మొదటి రకం నాకిచ్చాడు. కాయిల్ నేలను దాదాపు రాస్తున్నట్టు, ఒకే ఎత్తున, నిదానంగా ఊపాలి. అలల మోత పక్కకు పోయి చెవిలో సన్నటి గురగుర మిగిలింది. కొంతసేపటికి దానిలోంచి ఒక గుండ్రటి స్వరం లేచింది. అటు నుంచీ ఇటు నుంచీ ఊపినా అదే స్వరం. వాడు స్కూపు దింపి మడమతో తొక్కాడు. ఇసుక తీసిన వెంటనే గుంటలో నీళ్ళు ఊరాయి, గోడలు కూలాయి. స్కూపును అలలో ఊపితే చిల్లుల్లోంచి ఇసుకంతా జారిపోయి అడుగున బూడిద రంగు సీసపు గుండు మిగిలింది. గాలానికి కట్టేది. తర్వాత ఒక సెంటు నాణెం. 1982 నుంచి సెంట్లను జింకుతో చేసి పైన రాగి పూత పూస్తున్నారు. ఉప్పు ఆ జింకును తినేయడంతో అంచంతా చిల్లులు పడి బిస్కట్టులా విరిగింది.

పోటు గీత పొడవునా ఒక ముసలాయన మాకు ఎదురుగా వస్తున్నాడు. మేనల్లుణ్ణి గుర్తుపట్టి ఆగాడు. మెడలో తాడుకు వేలాడుతున్న వెండి ముక్కను నా అరచేతిలో పెట్టాడు. ఎనిమిది రియాళ్ళ నాణెం. వెండి కడ్డీని ముక్కలుగా కోసి, సుత్తితో ముద్ర కొట్టి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించేవారట, అందుకే రెండు నాణేలు ఒకలా ఉండవు. ఒక వైపు శిలువ, నాలుగు చివరలా నాలుగు గుండ్లు. రెండో వైపు అరిగిన డాలు, పక్కన మెక్సికో టంకశాల గుర్తు, ఎం అక్షరం మీద చిన్న సున్నా. టంకశాల వదిలినప్పుడు ఇరవై ఏడు గ్రాములుండేది. ఒక మూల సముద్రం తినేయగా కాగితంలా పలచబడింది. బంగారమైతే మూడువందల ఏళ్ళు ఉప్పులో ఉన్నా ఇలా కాదు, నిన్న ముద్రించినట్టే వస్తుంది.

ఆయన నిబంధనలు కూడా చెప్పాడు, ముఖ్యమైనవన్నీ. దిబ్బల మీద తవ్వరాదు. తవ్విన ప్రతి గుంటా పూడ్చాలి, ఎందుకంటే ఇది తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం. మార్చి నుంచి అక్టోబరు చివరిదాకా ఆ కాలం. ఇక నీటి అడుగున ఉన్న ఓడల జోలికి పోకూడదు. కోర్టు హక్కులిచ్చిన సంస్థవాళ్ళే అక్కడ తీయాలి, తీసినదాంట్లో ఇరవై శాతం దాకా రాష్ట్రం మ్యూజియంల కోసం తీసుకుంటుంది. 2015లో అలా తీసిన బంగారు నాణేల్లో యాభై లెక్కలోకి రాకుండా మాయమైతే, 2024లో అధికారులు ముప్పై ఏడింటిని తిరిగి పట్టుకున్నారు.

కాకినాడ వాణ్ణి కాబట్టి ఈ మాటలు వింటున్నంతసేపూ నాకు ఉప్పాడ మెదిలింది. అక్కడా ఇంతే. తుఫాను ఒడ్డును కోసుకుపోయిన మర్నాడు జనం పిల్లాజెల్లాతో తడి ఇసుకలో కూర్చుంటారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత చిన్న చిన్న బంగారు పూసలు దొరికాయని పత్రికల్లో వచ్చింది. సముద్రం మింగిన ఇళ్ళవీ గుళ్ళవీ అని ఊళ్ళోవాళ్ళ నమ్మకం. వాళ్ళకు మిషన్లు లేవు, చేతులూ కళ్ళే. కానీ ఇసుక కొట్టుకుపోయి బరువు మిగలడమనే ఆ లెక్క ఫ్లోరిడాలోనూ ఉప్పాడలోనూ ఒకటే, దాన్ని మన మత్స్యకారులు ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినది పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలపాలి. నాకు మాత్రం ఆ పూసలు ఎవరికి చెందాలన్నదానికంటే, అవి ఏ చోట, ఏ పొరలో దొరికాయో ఎవరైనా రాసిపెట్టడం ముఖ్యమనిపిస్తుంది. వాగ్నర్‌కు దారి చూపింది నాణెం ధర కాదు, దాని మీది సంవత్సరం.

ఆటు తిరిగి నీళ్ళు పైకి రావడం మొదలయ్యేసరికి మా బకెట్టులో గాలపు ముళ్ళు, సీసపు గుళ్ళు, సీసా మూతలు, తుప్పుపట్టిన మేకులు అడుగంటా చేరాయి. పాదాల్లో దిగేవన్నీ బయటికొచ్చాయని మేనల్లుడు తృప్తిపడ్డాడు. నీళ్ళ కొళాయి దగ్గర కాయిళ్ళ మీది ఉప్పు కడుగుతూ, ముసలాయన నాణెం ఎక్కడ దొరికిందో చెప్పాడు. ఆ చోటు ఇప్పుడు, ఒడ్డు కోసుకుపోకుండా ప్రభుత్వం బయటి నుంచి తెచ్చి పోయించిన కొత్త ఇసుక కింద ఉంది.

"అంటే ఇక మిషనుకు అందదా?"

"ఆ ఇసుకనూ ఏదో ఒక గాలి తీసుకుపోతుంది మావయ్యా. ఫోనులో చూశాను, గురువారం మళ్ళీ ఈశాన్యమే."

ఈసారి పల్స్ మిషను నాకివ్వమన్నాను.