నాన్నగారి చేతికర్ర

మా నాన్నగారికి ఇంట్లో కాలు నిలవదని అమ్మ ఫిర్యాదు. నరసరావుపేటలో గుమాస్తాగిరీ ఆయనది. ఆరు రోజులూ కాగితాల మధ్య తల వంచుకు కూర్చునే మనిషి, ఆదివారం తెల్లవారేసరికి చేతికర్రతో వీధిగుమ్మంలో ప్రత్యక్షం! పోనీ, ఒక్కరూ వెళతారా అంటే అదీ లేదు. అక్కనూ నన్నూ నిద్ర లేపి, పులిహోర కట్టించి, చివరకు అమ్మను కూడా బయలుదేరదీసేవారు. “ఇంటెడు చాకిరీ వదిలి ఈ రాళ్ళవెంట ఏమిటండీ!” అంటూనే ఆవిడ చెప్పులు వెతుక్కునేది.

కోటప్పకొండ మెట్లదారిన ఎక్కితేనే ఎక్కినట్టు ఆయన లెక్క. బస్సులో పైకి వెళ్ళేవాళ్ళను చూసి నిజంగానే జాలిపడేవారు. మాచర్ల అవతల ఎత్తిపోతలలో చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే మేము కేరింతలు కొట్టేవాళ్ళం. ఆయన మాత్రం రాతిమీద కూర్చుని, ఆ హోరులో కూసిన పిట్ట ఏదో చెప్పమనేవారు. తిరుగుదారిలో మాకు సీతాఫలాలో, రేగుపళ్ళో. అమ్మకు విస్తళ్ళు కుట్టుకోను మోదుగాకులు. ఇంతకంటె మంచి కానుక ఏ భర్త తెస్తాడని ఆయన ధీమా!

అన్నిటికన్నా నాగార్జునకొండ ఆయనకు ప్రాణం. 1955లో నెహ్రూగారు సాగరుకు శంకుస్థాపన చేశాక, లోయ మునిగేలోగా చూపించాలని తాతయ్య ఆయనను భుజాన ఎక్కించుకు వెళ్ళారట. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ లోయ మళ్ళీ కనబడలేదు. మేము లాంచీలో వెళ్ళినప్పుడల్లా, “ఈ కిందనేరా, చింతచెట్టు నీడన మా నాన్న నాకు అన్నం తినిపించింది” అని నీళ్ళలోకి చూపేవారు. ప్రతిసారీ వేరేచోటు! మేము నవ్వితే ఆయనా నవ్వేవారు.

నేను తెలుగు ఎం.ఏ. చేసి లెక్చరర్‌నయ్యాను. పల్నాటి వీరచరిత్ర చెబుతూ, పన్నెండో శతాబ్దపు యుద్ధానికి నాగులేటి ఒడ్డు నెత్తుటి మడుగైన ఘట్టం రాగానే క్లాసంతా నిశ్శబ్దమైపోతుందని ఒకనాడు ఇంట్లో గొప్పలు పోయాను.

“కారెంపూడి చూశావట్రా?” అన్నారు నాన్నగారు.

చూడలేదు.

“కార్తీక అమావాస్యకు వీరుల తిరునాళ్ళు. మా నాన్నతో నేను వెళ్ళాను. నాతో నువ్వు రా.”

ఆ ఏడు పరీక్ష పేపర్లు. మరుసటి ఏడు పిల్లవాడికి జ్వరం. మూడో ఏడు ఆయన అడగలేదు. నేను బతికిపోయాననుకున్నాను. మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళుతున్నారనీ, అది నా కంట పడకుండా జాగ్రత్తపడుతున్నారనీ ఆయన పోయాక అమ్మ చెప్పింది.

పోయిన కార్తీకంలో మావాణ్ణి తీసుకుని కారెంపూడి వెళ్ళాను. ఊరిబయటే బస్సు దిగి నడిచాం. చేతికర్ర వాడే పట్టుకున్నాడు. వాడికంటె కాస్త పొడుగు. డప్పుల మోత, వీరుల ఆయుధాలు మోసుకెళ్ళే జనం. సందడి దాటి నాగులేటి ఒడ్డుకు చేరాం.

“తాతయ్య ఇక్కడికి వచ్చారా నాన్నా?”

“వచ్చారు, వాళ్ళ నాన్నతో.”

“ఎక్కడ కూచున్నారు?”

వాడి చేతిలోంచి కర్ర తీసుకుని, ఏటి పక్క ఒక రాయి చూపించాను.